తల్లి వైపు నుంచి

నవంబర్ 6

ఈరోజు సెజిమ్‌ను కొట్టాను. వీపు మీద ఒక్కటే దెబ్బ. గట్టిగా కూడా కాదు.

బడి నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలో బొగ్గు బస్తా మీద కూలబడి కళ్లు మూసుకుంది. వీధి కుళాయి గడ్డకట్టేలోగా నీళ్లు తేవాలి, లెమ్మన్నాను. "కాళ్లు రావట్లేదమ్మా" అంది. తొమ్మిదో తరగతి చదివే పిల్లకు కాళ్లు రాకపోవడమేమిటి? ఆ వయసులో నేను మోకాలి లోతు మంచులో గొర్రెల్ని తోలుకొచ్చేదాన్ని. చెయ్యి లేచింది.

మా అమ్మ కూడా అచ్చం ఇదే మాట అనేది. పొద్దెక్కినా పరుపుల దొంతరకు ఆనుకుని పడుకునేది. నలభై దాటీ దాటకముందే చక్కెర జబ్బు, చెవుడు. ఊళ్లో ఆమెకు "పరుపమ్మ" అని పేరు పెట్టారు. ఒకసారి నేనూ అలాగే అన్నాను, ఎలాగూ వినబడదు కదా అని. నేనూ, చెల్లెలు అనారా ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూ పెరిగాం. ఆ బద్ధకం నా కూతురికి అంటనివ్వను.

ఇందులో తప్పేముందో నాకు తెలియడం లేదు. మరి ఎందుకు రాస్తున్నానో కూడా.

నవంబర్ 7

సెజిమ్ నాతో మాట్లాడటం లేదు. దాని తరఫున అత్త వకాల్తా పుచ్చుకుంది. "పిల్ల మొహం చూశావా కోడలా, సున్నం కొట్టినట్టుంది. బడిలో అందరి పిల్లల్నీ చూస్తావు, నీ పిల్ల నీకు కనబడదు" అంది. ఎవరి కళ్లో పడ్డాయని ఆర్చా చెట్టు కొమ్మలు కాల్చి ఇల్లంతా పొగ వేసింది. బయాలజీ టీచర్ ఇంట్లో దిష్టి పొగ! నవ్వి ఊరుకున్నాను.

నవంబర్ 13

ఈమధ్య తొమ్మిదో తరగతి పిల్లలు మరీ గొణుగుతున్నారు. గట్టిగా చెప్పండని అరిచి అరిచి నా గొంతు పోయింది.

శనివారం బడుల మధ్య పరుగు పందెం ఉంది. తనను తప్పించమని వ్యాయామం మాస్టారికి ఒక్క మాట చెప్పమని సెజిమ్ అడిగింది.

"టీచర్ కూతురే తప్పించుకుంటే మిగతావాళ్లకు ఏ మొహంతో చెప్పను?" అన్నాను.

"అయితే నడుస్తాలే."

"నడవడానికి పెట్టలేదు పందెం. పరిగెత్తాలి."

నేను నెమ్మదిగానే అన్నాను. కోపంగా అనలేదు.

నవంబర్ 16

పరిగెత్తింది.

నవంబర్ 21, బిష్కెక్

ఇక్కడ రాసుకోవడానికి ఆసుపత్రి మెట్లు తప్ప చోటు లేదు.

ఆ రోజు నది ఒడ్డు మలుపు దాటేదాకా బాగానే ఉంది. తర్వాత ఆగి, వంగి, కక్కుకుంది. మాస్టారు వచ్చేలోపు మంచులో పడి ఫిట్స్‌తో కొట్టుకుంటోంది. స్పృహ వచ్చాక "లైటు ఎందుకు తీసేశారు?" అని అడిగింది. అది పట్టపగలు.

నరీన్ ఆసుపత్రిలో తమవల్ల కాదన్నారు. మా ఆయన తలాయ్ తన వ్యాన్‌లో ప్రయాణికుల సీట్లు మడిచేసి, పరుపు వేసి, కనుమ మీదుగా తెచ్చాడు. దారిలో ఒక్కసారే అడిగాడు: "పందేనికి ఎందుకు పంపావు?" నేను సెజిమ్ కాళ్లు రుద్దుతూ ఉన్నాను. వినబడనట్టు ఉండిపోయాను.

చూపు తిరిగి వచ్చింది. కుడివైపు కాస్త మసక అంటోంది. రక్తం తీసి పరీక్షకు బయటి దేశానికి పంపారు. అనారా ఈ ఊళ్లోనే ఉంటుంది, ఫోన్‌లో ఏదో నీరసమని మాత్రమే చెప్పాను.

డిసెంబర్ 3

ఇంటికొచ్చాం. పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. సెజిమ్ పొయ్యి పక్కనే పడుకుని ఉంటుంది. నేను రోజూ ఆ పక్కనే కూర్చుని హోంవర్కు పుస్తకాలు దిద్దుతున్నాను. ఆ దెబ్బ గుర్తుందా అని ఇవాళ అడిగాను. "ఏ దెబ్బ?" అంది. అబద్ధం ఆడేటప్పుడు దాని కింది పెదవి లోపలికి పోతుంది.

డిసెంబర్ 19, బిష్కెక్

డాక్టర్ దినారా నాకంటే చిన్నది. ఫలితం ముందు పెట్టుకుని తలాయ్‌కి అర్థమయ్యేలా ఓపిగ్గా చెప్పింది.

"ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియాలని ఉంటాయి. తిన్న తిండిని శక్తిగా మార్చేవి అవే. వాటికి సొంతంగా చిన్న డిఎన్ఏ ఉంటుంది. మీ అమ్మాయికి అందులో ఒక్క అక్షరం మారిపోయింది."

"ఒక్క అక్షరానికేనా ఇంత?"

"ఆ అక్షరం మారకూడని చోట మారిందన్నా. ప్రొటీన్ తయారవుతున్నప్పుడు ఒక్కో ముక్కనూ మోసుకొచ్చి అందించే హమాలీలుంటారు, ఆర్ఎన్ఏలు. ఆ అక్షరం వల్ల ఒక హమాలీ వంకరగా తయారయ్యాడు. సరుకు అందించలేడు. దాంతో శక్తి చేసే ప్రొటీన్లు సరిగా తయారవ్వవు. ఎక్కువ శక్తి కావలసినవేంటి? కండరం, మెదడు, కన్ను, చెవి. ముందు అవే కూలబడతాయి."

"అంటే ట్యాంకులో డీజిలుంది, ఇంజనుకే తాగడం రాదు" అన్నాడు తలాయ్.

"అదే. అందుకే అది బద్ధకం కాదు. పరుగులొద్దు, పస్తులొద్దు, జ్వరం వస్తే వెంటనే తీసుకురండి. కుదిర్చే మందు లేదు. కాచుకోవడమే."

ఈ హమాలీ పాఠం నేను ఏటా చెబుతాను. బోర్డు మీద బొమ్మ వేసి, రంగు సుద్దతో.

దారికి అడ్డంగా ఉందని ఎవరో అరిస్తే వ్యాన్ తీయడానికి తలాయ్ కిందికి వెళ్లాడు. అప్పుడు డాక్టర్ నా వైపు తిరిగింది.

"మీకు చెప్పక్కర్లేదు, టీచరమ్మా. ఇది తల్లి నుంచే వస్తుంది. తండ్రి వైపుకు సంబంధం లేదు. మీకు వినికిడి ఎలా ఉంది?"

"బాగానే ఉంది" అన్నాను. ఆమె రెండోసారి అడిగాకే నాకు వినబడింది.

"చక్కెర పరీక్ష చేయించుకోండి. అక్కచెల్లెళ్లున్నారా?"

"ఒక చెల్లెలు."

"పిల్లలా?"

"ఇంకా లేరు. ప్రయత్నిస్తున్నారు."

"ఆమెకు తప్పకుండా చెప్పండి. ఆమెలో ఎంత ఉందో చూడాలి. ఒకే తల్లి పిల్లల్లో కూడా ఒకరికి చాలా ఉంటుంది, ఒకరికి చిటికెడు. ముందే తెలిస్తే ఆలోచించుకోవచ్చు."

"చెబుతాను" అన్నాను.

వ్యాన్ ఎక్కాక తలాయ్ అడిగాడు. "ఎక్కణ్ణుంచి వచ్చిందట ఇది? మా ఎర్లాన్‌కీ ఫిట్స్ వచ్చేవి కదా." ఎర్లాన్ అతని తమ్ముడు. కొండ మీద మేతకు వెళ్లినప్పుడు ఫిట్స్ వచ్చి గుర్రం మీంచి పడి చనిపోయాడు. మా పెళ్లికి ముందు సంగతి.

"వంశంలో వస్తుందట" అన్నాను.

ఇది అబద్ధం కాదు. ఎవరి వంశం అని అతను అడగలేదు.

డిసెంబర్ 24

జబ్బు ఎర్లాన్ నుంచే వచ్చిందని తలాయ్ వాళ్లమ్మకు చెప్పేశాడు. అత్త చేతిలోని టీ గిన్నె కింద పెట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "వాడు కడుపులో ఉన్నప్పుడు నేను మూర్ఖంగా గుర్రమెక్కి తిరిగాను తల్లీ. మా అమ్మ వద్దంది, వినలేదు. నా పాపం నీ బిడ్డకు చుట్టుకుంది" అని ఏడ్చింది.

"అపా, అలా కాదు" అన్నాను అత్తతో.

"నువ్వు మంచిదానివి కాబట్టి అలాగే అంటావు."

నిజానికి నేను చెప్పబోయాను. ఆమే చెప్పనివ్వలేదు.

జనవరి 11

అనారా ఫోన్ చేసింది. మిషన్ల చప్పుడు మధ్య నుంచి, కుట్టుపని చేసేచోటి నుంచే.

"ఎజే, కూర్చుని ఉన్నావా?"

"నిలబడ్డాను. పిండి కలుపుతున్నా."

"కూర్చో. ఎజే అన్నాక, అక్క అన్నాక కూర్చుని వినాలి ఇలాంటివి." నవ్వుతోంది, ఏడుస్తోంది. "కడుపు నిలిచింది ఎజే. ఇన్నేళ్లకు! మా ఆయనకు కూడా ఇంకా చెప్పలేదు. ముందు నీకే."

చేతులకు పిండి. ఫోను భుజానికీ చెవికీ మధ్య. బాగా వినబడే చెవి వైపే.

"మంచి వార్త" అన్నాను.

"అంతేనా? ముసలమ్మ ఆశీర్వదించినట్టు! సెజిమ్ ఎలా ఉంది? ఏదో నీరసమన్నావు."

"కోలుకుంటోంది."

జనవరి 12

ఇవాళ ఫోన్ చేశాను. కలవలేదు.

జనవరి 20

మొదటి నెలల్లో కంగారు పెట్టకూడదంటారు. కొంచెం గట్టిపడ్డాక చెబుతాను.

పైగా దానికి చిటికెడే ఉండొచ్చు. అసలు లేకపోవచ్చు కూడా. చిన్నప్పటి నుంచీ అది నాకంటే హుషారు.

జనవరి 29

పన్నెండో తేదీన కలవలేదని రాశాను. నేను చెయ్యలేదు.

ఎవరూ చదవని చోట కూడా అబద్ధం రాశాను.

ఫిబ్రవరి 9

అత్త మంచులో కర్ర పట్టుకుని కొండ మీది శ్మశానానికి వెళ్లి వచ్చింది. అక్కడ ఎర్లాన్‌తో ఏం మాట్లాడిందని తలాయ్ అడిగితే, "నీ అన్న కూతురికి ఇచ్చింది వెనక్కి తీసుకో నాయనా అన్నాను" అని చెప్పింది. ఇరుగుపొరుగుకూ చెబుతోంది, మా రక్తంలోనే ఉంది దోషం, కోడలు బంగారం అని. రొట్టె విరిస్తే మెత్తటి వైపు నాకే పెడుతోంది.

తింటున్నాను.

ఫిబ్రవరి 18

అనారాకి వాంతులట. ఎండు పెరుగుతో చేసే పుల్లటి కురూత్ ఉండలు పంపమంది. తలాయ్ వ్యాన్‌లో పంపాను. సంచిలో ఒక చీటీ పెడదామనుకున్నాను. పెట్టలేదు.

మార్చి 4

సెజిమ్ ఇప్పుడు సగం పూట బడికి వస్తోంది. కిటికీ పక్క బెంచీలో కూర్చుని నన్ను అందరిలాగే "టీచర్" అని పిలుస్తుంది.

ఇవాళ మైటోకాండ్రియా పాఠం. ఈసారి వద్దనుకున్నాను, కానీ పై అధికారి తనిఖీకి వస్తారని వరస తప్పించకూడదన్నారు. చెప్పాను. గ్లూకోజు, ఆక్సిజను, శక్తి. బొమ్మ వేశాను. గంట కొట్టేలోపు ముగించేద్దామని ఒక పేరా దాటేశాను.

"టీచర్, ఒక పేరా వదిలేశారు" అంది సెజిమ్.

"అది ఇంట్లో చదువుకోండి."

"నేను చదువుతాను టీచర్." లేచి నిలబడింది. గట్టిగా చదవలేదు, అయినా ప్రతి మాటా వినబడింది నాకు. "పిండానికి మైటోకాండ్రియాలు తల్లి అండం నుంచే వస్తాయి. తండ్రి నుంచి రావు."

"పాపం నాన్నలు!" అన్నాడొక కుర్రాడు. అందరూ నవ్వారు. సెజిమ్ కూర్చుంది. నా వైపు చూడలేదు.

మార్చి 5

ఇంటికొచ్చే దారిలో అది నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి పట్టుకుని నడిచి ఎన్నాళ్లయిందో.

"నాకు చాన్నాళ్ల కిందే తెలుసమ్మా. ఇంట్లో పడుకుని ఏం చెయ్యను, ఫోన్‌లో వెతికాను."

"మరి ఎందుకు అడగలేదు?"

"నువ్వు చెప్పట్లేదంటే భయపడుతున్నావని. నానమ్మ నన్ను అడిగింది, డాక్టరేమంది, ఎర్లాన్ బాబాయ్ నుంచే కదా అని. ఔనన్నాను." పెదవి లోపలికి పోయింది. "చచ్చిపోయినాయన మీద అబద్ధం చెప్పాను. అదొక్కటే బాలేదు. నీ గురించి ఎవరికీ చెప్పను, భయపడకు."

రోడ్డు మీద నిలబడిపోయాను. నన్ను కాపాడుతోంది. నా బిడ్డ, నన్ను.

"కానీ అనారా పిన్నికి చెప్పాలి కదమ్మా" అంది.

మార్చి 8

మహిళా దినం. పిల్లలు పూలిచ్చారు. అత్త నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, రుమాలు విప్పి ఒక జత చెవి కమ్మలు ఒళ్లో పెట్టింది. పాతకాలపు వెండి, ఎర్ర పగడాలు.

"ఎర్లాన్ పెళ్లాం కోసం దాచాను. వాడు నీ బిడ్డకు చేసినదానికి ఇవి నీకు. కాదనకు."

కమ్మలు ఒళ్లో ఉండగానే చెప్పాను. ఎలా చెప్పానో సరిగా గుర్తు లేదు. ఎర్లాన్ నుంచి కాదు అపా, నా నుంచి, మా అమ్మ నుంచి, డాక్టరు డిసెంబర్‌లోనే చెప్పింది, నేను దాచాను. తలాయ్ గుమ్మంలో ఉన్నాడు. విన్నాడు.

అత్త కమ్మలు తీసుకుని రుమాల్లో కట్టుకుంది. శాలువా చుట్టుకుని బయటికి వెళ్లింది. పొరుగిళ్లకు వెళ్లిందనుకున్నాను. చెప్పనీ, అందరికీ చెప్పనీ అనుకున్నాను. పొద్దు వాలాక వచ్చింది, మోకాళ్ల దాకా మంచుతో. కొండ ఎక్కి వచ్చింది.

"వాడికి క్షమాపణ చెప్పొచ్చాను. చలికాలమంతా సమాధి దగ్గర నిలబడి తిట్టాను నా కొడుకుని."

ఆమె బూట్ల మీది మంచు దులపడానికి వంగాను.

"ఒంట్లో మోసుకొచ్చావే, అది నీ తప్పు కాదు. నేనూ ఆడదాన్నే, నాకు తెలుసు. కానీ దాన్ని నాతో మోయించావు చూడు, అది నీ తప్పే కోడలా. ముమ్మాటికీ."

తర్వాత సెజిమ్‌ను పిలిచి, కమ్మలు దాని చెవులకు పెట్టింది. నన్ను టీ పొయ్యమంది. పోశాను. గిన్నె అందుకుంది కానీ నా మొహం చూడలేదు.

మార్చి 10

తలాయ్ నాతో మాట్లాడటం లేదు. సెజిమ్‌తో, అత్తతో, వ్యాన్‌తో మాట్లాడతాడు.

మార్చి 12

ఇవాళ మాట్లాడాడు. తిట్టడానికైనా సరే అని ఎదురుచూశాను.

"అనారాకి చెప్పావా?"

"లేదు."

"ఎన్నో నెల?"

"నాలుగు నిండుతోంది."

తలాయ్ తల పట్టుకున్నాడు. "తల్లి నుంచి అని తెలిస్తే నిన్నేం చేస్తాననుకున్నావు? గెంటేస్తానా?"

అసలు సంగతేమిటంటే, నేను అంత దూరం ఆలోచించలేదు. అతను గెంటేస్తాడని కాదు. పందేనికి పంపింది నేను, కొట్టింది నేను, చివరికి జబ్బూ నేనే అయితే, ఇక నా దగ్గర ఏం మిగులుతుంది అనుకున్నాను. ఆ మాట అతనితో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

"పొద్దున్నే బయల్దేరు" అన్నాడు.

"నేనూ వస్తా" అంది సెజిమ్. వద్దన్నా వినలేదు.

మార్చి 13, బిష్కెక్

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అనారా తలుపు తీసి, ముగ్గుర్నీ చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. వదులు గౌను, తనే కుట్టుకున్నది. పొట్ట కొంచెం తెలుస్తోంది. "బావగారూ, ముందు చెప్పొద్దూ, మాంసం తెప్పించేదాన్ని!" తలాయ్ వ్యాన్ దగ్గర పనుందని కిందికి వెళ్లిపోయాడు.

కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే మళ్లీ దాటేస్తానని భయం. అమ్మది బద్ధకం కాదని, చెవుడూ చక్కెరా అందులోవేనని, నా చెవి కూడా పోతోందని, సెజిమ్‌కు వచ్చింది అదేనని. నీకు కూడా ఉండొచ్చని. బిడ్డకు కూడా.

అనారా మొదట కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

"నీకెప్పుడు తెలుసు?"

"డిసెంబర్‌లో."

"నేను ఫోన్ చేసిందెప్పుడు?"

ఆ తేదీ ఆమెకు తెలుసు.

"మంచి వార్త అన్నావు" అంది. "నేను పనిచేసే చోట అమ్మాయిలందరికీ చెప్పాను, మా అక్క చాలా నెమ్మది, ఎక్కువ మాట్లాడదు, కానీ లోపల ఎంత సంతోషపడిందో అని."

"భయపడ్డాను అనారా."

"దేనికి? నీ గురించి నీకే భయం! అప్పుడే చెప్పి ఉంటే నేనేం చేసేదాన్నో నాకూ తెలీదు. ఉంచుకునేదాన్నేమో. తీయించుకునేదాన్నేమో. ఏడ్చి చచ్చేదాన్నేమో. కానీ ఆ ఆలోచన నాది. నా కడుపు, నా ఆలోచన. దాన్ని కూడా నువ్వే తినేశావు. ఇప్పుడు వీడు లోపల కదులుతున్నాడు. మొన్నటి నుంచే. ఇప్పుడొచ్చి చెబుతున్నావు!"

డాక్టర్ దినారాతో మాట్లాడానని, ఎల్లుండి పరీక్షకు రమ్మందని చెప్పాను. "బిడ్డకు ఎంత ఉందో ఖాయంగా చెప్పలేరట. నీలో ఎంత ఉందో మాత్రం చూస్తారు."

"చాలు. నువ్వు పాఠం చెప్పకు" అంది. తర్వాత సెజిమ్‌ను చూసింది. అది మంచం అంచున, కమ్మలు వేళ్లతో తిప్పుకుంటూ కూర్చుంది.

"నువ్వు బయటికెళ్లు" అంది నాతో. "దీంతో మాట్లాడాలి నేను."

"దాన్నేమీ అడక్కు, చిన్నపిల్ల."

"దాన్నే అడగాలి. నువ్వడిగావా ఎప్పుడైనా? ఇలా బతకడం దానికెలా ఉందో, పుట్టకుండా ఉంటే బాగుండేదనిపిస్తుందో, లేదో? నాకు తెలియాల్సింది అదొక్కటే. అది డాక్టరు చెప్పదు, నువ్వూ చెప్పలేవు."

అడగలేదు. నవంబర్ నుంచీ ప్రతిరోజూ నేనేం చేశానో, నాకేమవుతుందో, నన్నెవరేమంటారో అదే. తిండి పెట్టాను, మందులిచ్చాను, జ్వరం చూశాను. నీకెలా ఉంది అని మాత్రం అడగలేదు. అది నా చెయ్యి పట్టుకుని నడిచిన రోజున కూడా.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పై అంతస్తులో ఎవరో పిల్లాడు బంతి కొడుతున్నాడు. తలుపుకు చెవి ఆనించొచ్చు. ఆనించలేదు. అది నాకు చెప్పాల్సిన మాట కాదు, చెప్పాలనిపిస్తే సెజిమే చెబుతుంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. సెజిమ్ ముక్కు తుడుచుకుంటూ, ఏమీ జరగనట్టు, "ఆకలేస్తోంది" అంది. ఆకలితో ఉండకూడదు అది.

"పద, లగ్మాన్ నూడుల్స్ తిందాం. సందు చివర ఉయ్గుర్ ఆయన హోటల్లో బాగుంటుంది" అంది అనారా. సెజిమ్ భుజం చుట్టూ చెయ్యి వేసి మెట్లు దిగింది. నెమ్మదిగా, ఒక్కో మెట్టూ, దాని నడకకు తన నడక కలుపుతూ. కింది మలుపులో ఆగి వెనక్కి చూసింది.

"నువ్వూ రా" అంది నాతో.

ఎజే అని మాత్రం అనలేదు. లేచి వాళ్ల వెనక దిగాను.